శిస్తు పావు వంతు తగ్గించాలని 13 ఏళ్లు పట్టుబట్టిన కలెక్టర్.. సీమ జనం మర్చిపోని మన్రో దొర కథ ఇదీ!

ఫిబ్రవరి 1 వచ్చిందంటే చాలు.. ఉద్యోగం చేసే ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్. ట్యాక్స్ స్లాబ్ మారుతుందా? ఈసారైనా నాలుగు రూపాయలు చేతిలో మిగులుతాయా? 2025 బడ్జెట్‌లో కొత్త విధానం కింద 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదని ప్రకటించిన రోజు ఎన్ని ఇళ్లలో పిల్లల ఫీజు లెక్కలు, ఈఎంఐ లెక్కలు తిరగరాసుకున్నారో అందరికీ తెలిసిందే.

సరిగ్గా ఇలాంటి లెక్కే 200 ఏళ్ల కిందట మన రాయలసీమలో ఒకాయన వేశారు. అప్పట్లో జీతాలు లేవు, ఫారం 16 లేదు. ఇల్లంతా కలిసి పొలంలో చేసే కష్టమే ఆదాయం. ఆ కష్టంలో దాదాపు సగం సర్కారు పట్టుకుపోతుంటే, అది తగ్గించకపోతే ఈ కుటుంబాలు ఎప్పటికీ తేరుకోవని పైవాళ్లకు రాసి పంపారు. అలా రాసింది ఎవరో ఉద్యమ నాయకుడు కాదు. శిస్తు వసూలు చేయడమే పనిగా పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ కలెక్టర్!

ఆయనే సర్ థామస్ మన్రో. మన సీమ వాళ్లకు మన్రో దొర. అనంతపురం, కడప, కర్నూలు, బళ్లారి పల్లెల్లో ఒకప్పుడు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారంటే ఆయన మీద అభిమానం ఏ రేంజ్‌లో ఉండేదో అర్థం చేసుకోవచ్చు. ఒక తెల్ల దొరకు ఇంత పేరు ఎందుకొచ్చింది? పూర్తిగా మంచోడేనా? ఆయన కథలో మచ్చలేం లేవా? చూద్దాం.

దివాళా తీసిన ఇంటి నుంచి..

1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టారు మన్రో. తండ్రి అలెగ్జాండర్ పొగాకు వ్యాపారి. అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం. బాగానే నడుస్తున్న టైమ్‌లో అమెరికా స్వాతంత్య్ర యుద్ధం వచ్చిపడింది. వ్యాపారం కుప్పకూలింది. ఇల్లు అప్పుల్లో పడింది.

చిన్నప్పుడు తట్టు (మీజిల్స్) సోకడంతో మన్రోకు వినికిడి కాస్త తగ్గింది. అది జీవితాంతం అలాగే ఉండిపోయింది. ఇంటి పరిస్థితి చూసి కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరారు. 1780 జనవరిలో మద్రాసులో దిగారు. అప్పటికి వయసు 18 ఏళ్లు.

వచ్చిన ఏడాదే హైదర్ అలీతో యుద్ధం. నాలుగేళ్లు ఆ యుద్ధంలోనే గడిచిపోయాయి. జీతం చాలా తక్కువ. అందులోనే మిగిల్చి స్వదేశంలో ఉన్న తల్లిదండ్రులకు డబ్బు పంపేవారు. ఇల్లు గడవడం అంటే ఏంటో, చేతిలో డబ్బు లేకపోతే ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

గుర్రం దిగి పొలం గట్టు మీదకు

1792లో టిప్పు సుల్తాన్‌తో సంధి కుదిరింది. సేలం వైపు ఉన్న బారామహల్ ప్రాంతం కంపెనీకి వచ్చింది. దాన్ని చక్కదిద్దే పని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించారు. ఆయన కింద అసిస్టెంట్‌గా వెళ్లారు మన్రో. అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది.

ఏడేళ్లు ఊరూరూ తిరిగారు. పొలం కొలవడం, నేల రకం చూడటం, ఏ రైతు ఎంత కట్టగలడో లెక్క వేయడం.. ఇదే పని. జమీందారు గానీ, గుత్తేదారు గానీ మధ్యలో లేకుండా నేరుగా రైతు పేరు మీదే పట్టా ఇచ్చి, నేరుగా రైతు దగ్గరే శిస్తు తీసుకునే పద్ధతి అక్కడే రూపు దిద్దుకుంది. అదే రైత్వారీ.

అక్కడ ఆయన చూసిన ఇంకో విషయం కూడా ఉంది. కంపెనీ మనుషులు పేరున్న నేతగాళ్లను పిలిపించి, కంపెనీకి తప్ప వేరేవాళ్లకు బట్ట అమ్మబోమని ఒప్పుకునే వరకు కాపలా పెట్టి మరీ కూర్చోబెట్టేవాళ్లు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 1813లో ఇంగ్లండ్ పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ సంగతి దాచకుండా చెప్పేశారు. అదే సాక్ష్యంలో మన నేతపనికి సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఓ ఇండియా శాలువాను ఏడేళ్లు వాడినా కొత్తదానికీ దానికీ పెద్ద తేడా కనబడలేదని చెప్పారు.

సీమలోకి ఎంట్రీ

1799లో టిప్పు మరణం తర్వాత కొన్నాళ్లు కెనరా కలెక్టర్‌గా పనిచేశారు. 1800లో హైదరాబాద్ నిజాం, తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం రాసిచ్చేశాడు. కంపెనీకి దత్తం చేసిన ప్రాంతం కాబట్టి వాటికి దత్త మండలాలు అనే పేరు పడింది. రాయలసీమ అనే పేరు ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. ఆ మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చారు మన్రో.

ఇప్పటి కలెక్టర్ల లెక్కలో చూస్తే నాలుగు జిల్లాల బాధ్యత ఒక్కరి మీదే! దాదాపు 20 లక్షల జనాభా. చేతి కింద నలుగురు సబ్ కలెక్టర్లు. ఎటు చూసినా కోటలు, బురుజులు. 80 మంది దాకా పాలెగాళ్లు. ఊళ్ల మీద పడి వసూళ్లు. ఒకే రైతు నుంచి ఇద్దరు ముగ్గురు పన్ను గుంజుకునే పరిస్థితి.

మన్రో బంగళాలో కూర్చోలేదు. తొలి ఏళ్లలో ఎక్కువ కాలం గుడారాల్లోనే గడిపారు. గుర్రం మీద తాలూకా తర్వాత తాలూకా చుట్టారు. చెట్టు కింద కూర్చుని రెడ్లు, కరణాలు, మామూలు రైతులతో నేరుగా మాట్లాడేవారు.

నాణేనికి మరో వైపు.. తెర్నేకల్ రక్తం

ఇక్కడ ఒక నిజం చెప్పుకోకుండా ముందుకు వెళ్లకూడదు. మన్రో వచ్చింది కంపెనీ ఖజానా నింపడానికే. ఆ పనిలో కత్తి కూడా దూశారు.

1801 చివర్లో కర్నూలు ప్రాంతంలోని తెర్నేకల్ గ్రామం శిస్తు విషయంలో కంపెనీకి ఎదురు తిరిగింది. కంపెనీ సైన్యం ఊరి మీద పడింది. గ్రామ పెద్ద ముత్తుకూరు గౌడప్పను ఉరి తీశారు. ఆ ఊళ్లో ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటారు.

పాలెగాళ్లనూ మన్రో వదల్లేదు. ఎదురు తిరిగినవాళ్ల కోటలు పోయాయి. కొందరికి భూములు తీసేసి పింఛన్లు ఇచ్చారు. వాళ్లలో నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి ఒకరు. ఆ పింఛన్, ఆ భూముల గొడవే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణమైంది. సైరా సినిమా చూసినవాళ్లకు ఆ కథ గుర్తుండే ఉంటుంది.

సో, మన్రో దేవుడేం కాదు. కానీ అదే మనిషి ఆ తర్వాత చేసిన పనే ఆయన పేరును నిలబెట్టింది.

సక్సెస్ అయ్యాక.. తప్పు ఒప్పుకున్నారు!

1802లో మొదలుపెట్టి ఊరూరా భూమి కొలిపించారు. మెట్ట, మాగాణి, తోట అని విడగొట్టి ఒక్కో చేనుకు శిస్తు కట్టారు. మధ్యలో కరువు వచ్చినా పని ఆగలేదు. రిజల్ట్ ఏంటంటే, 1800-01లో సుమారు 10 లక్షల వరహాలున్న ఆదాయం 1806-07 నాటికి సుమారు 15 లక్షల వరహాలకు చేరింది. ఏడేళ్లలో ఒకటిన్నర రెట్లు!

కంపెనీ బాసులు ఫుల్ హ్యాపీ. ఇంకొకరైతే ఆ రికార్డు చూపించి ప్రమోషన్ కొట్టేసేవారు. మన్రో రివర్స్‌లో వెళ్లారు. 1807 ఆగస్టు 15న మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు ఒక రిపోర్ట్ పంపారు. సారాంశం ఒక్కటే.. ఈ శిస్తు మరీ ఎక్కువ, తగ్గించండి.

ఆయన లెక్క చాలా సింపుల్. మన భాషలో చెప్పుకుంటే ఇదీ..

* ఒక రైతు పొలంలో 100 రూపాయల పంట పండిందనుకుందాం.
* అందులో సర్కారుకు పోయేది సుమారు 45 రూపాయలు.
* మిగిలిన 55తోనే విత్తనాలు, ఎడ్లు, కూలీలు, అప్పుల వడ్డీ, ఇంటిల్లిపాది తిండి.
* శిస్తులో పావు వంతు, అంటే పదకొండుంపావు రూపాయలు తగ్గిస్తే సర్కారు వాటా 33 రూపాయల 75 పైసలకు దిగుతుంది. పంటలో దాదాపు మూడో వంతు.
* రైతు చేతిలో 66 రూపాయల పావలా మిగులుతుంది.

బావుల కింద సాగు చేసే తోట భూములకైతే 33 శాతం తగ్గించాలన్నారు. ఎందుకంటే అక్కడ ఖర్చు ఎక్కువ. బావి తవ్వాలి. కపిల కట్టాలి. ఎడ్లను మేపాలి. నీళ్లు తోడటానికి రోజంతా మనిషి కావాలి. అంత కష్టపడి పచ్చగా చేసుకున్న నేలకు మెట్ట చేనుకిచ్చినంత తగ్గింపే ఇస్తే న్యాయం ఎలా అవుతుంది?

పదకొండు రూపాయలతో ఏం మారుతుంది?

ఇక్కడే మన్రో బుర్ర అర్థమవుతుంది. దాన్ని ఆయన దానంగా చూడలేదు. పంటలో సగం దాకా సర్కారుకే పోతే ఆ భూమికి ధరే ఉండదు. ఎవరూ కొనరు. అమ్ముదామన్నా, తాకట్టు పెడదామన్నా చెల్లదు. ఒక ఏడాది వాన ముఖం చాటేస్తే రైతు చేను వదిలేసి పక్క సీమకు పోతాడు. చేను బీడు పడుతుంది. అప్పుడు సర్కారుకు వచ్చేది సున్నా.

అదే శిస్తు పంటలో మూడో వంతుకు తగ్గితే? చేతిలో నాలుగు గింజలు మిగులుతాయి. మరో జత ఎడ్లు వస్తాయి. బావి పడుతుంది. భూమికి విలువ పెరుగుతుంది. కొనేవాడు, కౌలుకు తీసుకునేవాడు వస్తాడు. బీడు భూమి సాగులోకి వస్తుంది. ముందు రెండు మూడేళ్లు ఖజానాకు కోత పడినా, తర్వాత సాగు పెరిగి ఆ లోటు పూడుతుందనేది ఆయన అంచనా.

ఇంకొన్ని కండిషన్లు కూడా పెట్టారు. శిస్తు కడుతున్నంత కాలం ఆ చేనుకు రైతే యజమాని. ప్రతి ఏడాదీ వద్దనుకున్న చేను వదిలేసుకోవచ్చు, కావాల్సింది కొత్తగా తీసుకోవచ్చు. చెరువుల రిపేర్ల ఖర్చు సర్కారుదే.

అయితే ఒక మెలిక ఉంది. శిస్తు తగ్గించాం కాబట్టి మామూలుగా పంట దెబ్బతిన్నా మాఫీ ఉండదు. నగదుగానే కట్టాలి. వానల మీదే బతికే సీమలో ఇది చిన్న మెలిక కాదు.

పక్కన పడేశారు..

రిపోర్ట్ వెళ్లింది. పని మాత్రం జరగలేదు. కంపెనీకి యుద్ధాల అప్పులున్నాయి. వచ్చే డబ్బులో పావు వంతు వదులుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. రైత్వారీని సమర్థించిన మద్రాసు గవర్నర్ బెంటింక్, వేలూరు సిపాయిల తిరుగుబాటు దెబ్బకు 1807లోనే పదవి పోగొట్టుకున్నారు. మన్రో కూడా అదే ఏడాది సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లిపోయారు. అంటే సీమ రైతు తరఫున మాట్లాడేవాళ్లు ఇద్దరూ సీన్‌లో లేరు.

మద్రాసు అధికారులు ఇంకో దారి పట్టారు. ఊళ్లను గుత్తకు ఇచ్చేశారు. ముందు మూడేళ్లు, తర్వాత పదేళ్లు. గుత్తేదారు సర్కారుకు ఇంత అని ఒప్పుకుంటాడు, ఊళ్లో ఎలా వసూలు చేసుకుంటాడన్నది అతని ఇష్టం. శిస్తు రేట్లు తగ్గలేదు కాబట్టి చివరికి రైతూ మునిగాడు, చాలాచోట్ల గుత్తేదారూ మునిగాడు.

లండన్‌లో వాదన.. మద్రాసులో రీఎంట్రీ

మన్రో ఊరుకోలేదు. ఏడేళ్లు బ్రిటన్‌లో ఉన్నా మనసంతా ఇక్కడి లెక్కల మీదే. 1812లో వచ్చిన పార్లమెంటు కమిటీ ఐదో నివేదికలో రైత్వారీకి మంచి మార్కులు పడ్డాయి. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది న్యాయవ్యవస్థను సరిదిద్దే కమిషన్‌కు హెడ్‌గా మళ్లీ మద్రాసు వచ్చారు. మధ్యలో మరాఠా యుద్ధంలో సైన్యాన్ని కూడా నడిపించారు.

కట్ చేస్తే, 1820. దివాళా తీసిన పొగాకు వ్యాపారి కొడుకు మద్రాసు గవర్నర్ అయ్యారు!

ఇప్పుడు అడ్డుచెప్పేవాళ్లు లేరు. పాత ఫైలు బయటికొచ్చింది. గుత్తల పద్ధతి పోయి రైత్వారీ తిరిగొచ్చింది. దత్త మండలాల్లో మెట్ట, మాగాణి భూములకు 25 శాతం, తోటలకు 33 శాతం తగ్గింపు అమల్లో పెట్టారు. కలెక్టర్‌గా అడిగిన దాన్ని గవర్నర్‌గా తానే ఇచ్చుకోవాల్సి వచ్చింది. మధ్యలో గడిచింది 13 ఏళ్లు.

ఆ 13 ఏళ్లలో చేను వదిలేసి వలస పోయిన కుటుంబాలకు ఈ తగ్గింపు అందలేదు. సాయం మంచిదే కావచ్చు. కానీ టైమ్‌కు రాకపోతే ఎంత నష్టమో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఊళ్లో నిలబడ్డ రైతుకు మాత్రం ఊపిరి వచ్చింది. గుత్తేదారు తలనొప్పి పోయింది. ఎంత కట్టాలో ముందే తెలిసింది. పట్టా కాగితం మీద సొంత పేరు పడింది. ఇప్పటికీ మన రెవెన్యూ ఆఫీసుల్లో రైత్వారీ పట్టా అనే మాట వినిపిస్తోందంటే దాని మూలం అక్కడుంది.

చివరి ప్రయాణం.. పత్తికొండలో ఆగిపోయింది

మన్రో ఇంటికి వెళ్లిపోదామనుకున్నారు. రాజీనామా కూడా పంపారు. కానీ 1824లో బర్మా యుద్ధం రావడంతో ఉండిపోవాల్సి వచ్చింది. 1826లో చిన్న కొడుక్కి ఆరోగ్యం బాగోక, భార్య జేన్ బాబును తీసుకుని ఇంగ్లండ్ ఓడ ఎక్కారు. మన్రో ఒంటరయ్యారు.

1827లో ఇక సెలవు దగ్గరపడింది. వెళ్లేముందు ఒక్కసారి సీమను చూసి రావాలనిపించింది. ఆ దారుల్లో కలరా తిరుగుతోంది. అయినా బయల్దేరారు. గుత్తి దాటి పత్తికొండ చేరాక ఆయనకూ కలరా సోకింది. జులై 6 రాత్రి అక్కడే కన్నుమూశారు. వయసు 66 ఏళ్లు. భార్యాబిడ్డలను మళ్లీ చూసుకోలేదు.

గుత్తి కోట కింద శ్మశానంలో ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆయన పోయిన చోట పత్తికొండలో మెట్ల బావి తవ్వించి, చెట్లు నాటించారు. గుత్తిలో ఆయన పేరు మీద సత్రం కట్టించారు. చెన్నైలో గుర్రం మీద ఉండే మన్రో విగ్రహం చాలామంది చూసే ఉంటారు. ఆ గుర్రానికి రికాబులు ఉండవు!

జనం అల్లుకున్న కథలు

కాగితాల్లో ఉన్న మన్రో ఒకరు. జనం నోళ్లలో ఉన్న మన్రో ఇంకొకరు.

మంత్రాలయంలో మఠం భూముల విషయం తేల్చడానికి వెళ్తే రాఘవేంద్ర స్వామి బృందావనం నుంచి దర్శనమిచ్చి మాట్లాడారని చెప్పుకుంటారు. కడప జిల్లా గండి దగ్గర పాపాఘ్ని నది మీద ఎవరికీ కనబడని బంగారు తోరణం మన్రోకు కనిపించిందని, అది కనిపించినవాళ్లు ఎక్కువ కాలం బతకరని మరో కథ. తిరుమలలో స్వామివారి నైవేద్యానికి వాడే మన్రో గంగాళం వెనక కూడా ఆయన కడుపునొప్పి తగ్గిన కథే వినిపిస్తుంది.

నిజమా, కాదా అన్నది పక్కన పెడితే.. శిస్తు వసూలు చేసిన దొరను జనం దేవుళ్ల కథల్లోకి తీసుకెళ్లారు. వసూలు చేసేవాళ్ల మీద సామెతలు, శాపనార్థాలు పుట్టడం మామూలు. ఇలా భక్తి కథలు పుట్టడం మాత్రం అరుదు.

మరి ఆయన లెక్క గెలిచిందా?

సగం గెలిచింది. శిస్తు తగ్గితే చేను నిలబడుతుందన్న మాట నిజమైంది. కానీ తగ్గించినా పంటలో మూడో వంతు అంటే చిన్న భారం కాదు. అదీ నగదుగా కట్టాలి. వాన పడకపోతే ఆ లెక్క మొత్తం తల్లకిందులే. 1876-78 నాటి మహా కరువు వచ్చినప్పుడు దత్త మండలాలే అందరికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయి. పన్ను తగ్గింపు కుటుంబానికి ఊపిరి పోస్తుంది. నీళ్లు, గింజలు, కరువులో ఆదుకునే చెయ్యి కూడా తోడుంటేనే ఆ కుటుంబం బతికి బట్టకడుతుంది.

ఇంకో పాఠం కూడా ఉంది. పన్ను ఎంత పెడితే ఎంత వస్తుందన్నది ఆఫీసులో కూర్చుని వేసే లెక్క. కట్టాక ఆ ఇంట్లో ఏం మిగిలిందన్నది గడప దాకా వెళ్లి చూస్తే తెలిసే లెక్క. మన్రో ముందు మొదటి లెక్కే వేశారు. తర్వాత గుర్రం దిగి రెండోది చూశారు. చూసింది పైవాళ్లకు రాశారు.

ఈసారి గుత్తి వైపు వెళ్తే కోట కింద ఆ పాత శ్మశానం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పత్తికొండ వెళ్తే ఆ మెట్ల బావి చూడండి. వీలైతే తెర్నేకల్‌లో కూడా ఆగి గౌడప్ప గురించి అడగండి. ఇద్దరి కథా తెలిస్తేనే సీమ శిస్తు కథ పూర్తిగా తెలిసినట్టు.